చెట్టెక్కిన నురగ

ఆ ఊళ్లో అతన్ని అసలు పేరుతో పిలిచేది ఆఫీసులోని హాజరు పట్టీ ఒక్కటే. మిగతా అందరికీ అతను తళతళ. కొండ మీది మంచినీళ్ల ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పడం, మందు కలపడం, కాపలా కాయడం, కడగడం అతని ఉద్యోగం. మొదటి మూడూ ఉద్యోగంలా చేసేవాడు, కడగడం మాత్రం పిచ్చిలా చేసేవాడు. చేరిన మొదటి నెలలోనే మెట్లు తోమాడు, గేటు తోమాడు, వాల్వు చక్రాలకు ఎర్ర రంగు పూశాడు. ‘లోపలికి రాకూడదు’ అన్న బోర్డును కడిగి కడిగి అక్షరాలు పోగొట్టి, మళ్లీ తనే రాసుకున్నాడు. “వాడు నీళ్లను కూడా కడిగి పోస్తాడ్రా,” అని కింద వీధుల్లో జనం నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వారు గాని ఆ నీళ్లే తాగేవాళ్లు, తాగి నిక్షేపంలా ఉండేవాళ్లు.

శుభ్రంగా ఉండే మనిషితో ఒక చిక్కుంది. మురికి మనిషి తప్పు చేస్తే పదిమంది పది మాటలంటారు, వాడికి తన తప్పు తెలిసొస్తుంది. తళతళలాంటివాడు తప్పు చేస్తే అది తప్పని ఊరికీ తోచదు, వాడికీ తోచదు. తోచేసరికి ఇరవై నాలుగేళ్లు పట్టింది. అందులో పదకొండేళ్లు తోచి కూడా తోచనట్టు ఉన్నాడు. నేను చెప్పబోయేది ఆ పదకొండేళ్ల సంగతే.

కొండ మీద వాగు నీళ్లు రాతి కాలువలోంచి వచ్చి ముందు ఒక పెద్ద తొట్టిలో దిగుతాయి. పైకప్పు లేని తొట్టి అది. మట్టీ మడ్డీ అడుక్కి చేరాక తేట నీళ్లు ఇసుక గదులు దాటి, మూత ఉన్న ట్యాంకులోకి పోతాయి. తొట్టి చుట్టూ చెట్లు నీళ్ల మీదికి వంగి ఉండేవి. ఇతనికి ముందు పనిచేసిన ముసలాయన చీపురు పట్టినట్టు దాఖలాలు లేవు. ఆకులు రాలి, నాచు పట్టి, తొట్టి అడవిలో కలిసిపోయి ఉండేది. తళతళ వచ్చాక దానికి ఒడ్డూ గట్టూ కనిపించాయి.

ఉద్యోగం దొరకగానే అతను చేసిన రెండో పని అక్కను తెచ్చుకోవడం. అక్క ఇతనికంటే ఎనిమిదేళ్లు పెద్దది. చిన్నప్పుడు ఇతనికి ఉన్నది ఒక్కటే బడి చొక్కా. దాన్ని రోజూ సాయంత్రం ఉతికి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, వేడి గిన్నెతో రుద్ది, పొద్దున్నకల్లా కొత్తదానిలా తొడిగేది ఆవిడే. ఇతని శుభ్రం పిచ్చి ఎక్కడిదని అడిగితే ఆ గిన్నె దగ్గరికి వెళ్లి చూడాలి. భర్త పోయాక ఆవిడ రెండు లాడ్జీల దుప్పట్లు, ఒక ఆసుపత్రి దుప్పట్లు ఉతికి బతుకుతోంది, కింద ఊళ్లో నీళ్లకు కటకట. “అక్కా, పైకి వచ్చెయ్. నీకు నీళ్లకేం కరువు?” అని తీసుకొచ్చి, తొట్టికి వంద అడుగుల అవతల చదునైన బండలు చూపించాడు. ఉతికిన నీళ్లు కాలువలో కలవకుండా కొండ అవతలి వైపుకి తనే ఒక పిల్లకాలువ తవ్వాడు. తవ్వింది తన చేతులతోనే కాబట్టి అందులోంచి చుక్క కూడా ఇటు రాదని అందరికంటే అతనికే బాగా తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత అతను మరిచిపోయింది దీన్నే.

అక్క వచ్చిన రెండో నెలలో వానలు పడ్డాయి. మూడో రోజు పొద్దున్న తళతళ తొట్టి దగ్గరికి వెళ్తే, నీళ్ల మీదికి వంగిన కొమ్మల నిండా తెల్లటి నురగ. పిడికెడంత ముద్దలు, ఆకుకొకటి, రెమ్మకొకటి. కొన్ని పైకి ఎండి పెళుసుగా ఉన్నాయి, కొన్ని ఇంకా తడిగా జారుతున్నాయి. పొడుగు కర్రకు గీకుడు రేకు కట్టి ఒక్కోదాన్నీ బకెట్టులోకి దించాడు. లోపల ఆవగింజలంత తెల్లటి పలుకులు కనిపిస్తే, కరగని సబ్బు అనుకున్నాడు. బకెట్టు నిండా బ్లీచింగు పొడి గుమ్మరించి గోతిలో పూడ్చాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని రిజిస్టరులో రాశాడు: సబ్బు నురగ తొలగింపు, అరవై రెండు చోట్ల.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి వెళ్లి, “నీ సబ్బు నా తొట్టి మీద పడుతోంది,” అన్నాడు.

అక్క దుప్పటి పిండుతూ ఆగి, “నా సబ్బు చెట్టెక్కుతుందా తమ్ముడూ?” అంది.

“గాలికి ఎగిరొస్తుంది.”

“వానలో నురగ ఎగురుతుందిరా? తడిసి నేలకంటుకుపోదూ?”

సమాధానం లేని ప్రశ్న అది. సమాధానం లేకపోతే మనుషులు రెండు పనుల్లో ఒకటి చేస్తారు, ఆలోచిస్తారు లేదా గొంతు పెంచుతారు. ఇతను గొంతు పెంచాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. “మరి ఎవరిదంటావు? ఈ కొండ మీద సబ్బు వాడేది నువ్వు గాక ఇంకెవరు?” అన్నాడు. అక్క మర్నాటి నుంచి బండ పది అడుగులు అవతలికి జరుపుకుంది, సబ్బు సగానికి తగ్గించింది.

ప్రతి వానాకాలం ఇదే తంతు. నురగ వచ్చేది, ఇతను గీకేవాడు, లెక్క రాసేవాడు, అక్క మీద విసుక్కునేవాడు. మిగతా పదకొండు నెలలూ అక్కాతమ్ముళ్లు పాలూ నీళ్లూ. చీకటి పడే వేళ చెట్ల మీంచి గులకరాయితో గులకరాయిని కొట్టినట్టు టక్, టక్ అని చప్పుడొచ్చేది. “ఏంట్రా అది?” అని అక్క అడిగితే, “ఏదో పురుగు,” అనేవాడు. చేతిలో బురుసు ఉన్నవాడికి తల ఎత్తి చూసే తీరికెక్కడిది?

పదమూడో ఏట ఆ వానల్లోనే ఊళ్లో నలుగురైదుగురికి కడుపులో తిప్పింది. అందులో టైలరమ్మ కూతురు, ఐదేళ్లది, ఆసుపత్రి దాకా వెళ్లింది. వార్డు ఆఫీసులో మీటింగు పెట్టారు. బెంచీల మీద పదిమంది, గుమ్మం దగ్గర ఇంకో పదిమంది, వాళ్లలో అక్క. పెద్ద ఆఫీసరు మామూలుగానే అడిగాడు, “ట్యాంకు దగ్గర అంతా సరిగ్గానే ఉందా?” అని. అంతే. ఎవరూ తళతళను వేలెత్తి చూపలేదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తన శుభ్రాన్నే శంకిస్తున్నారని ఇతనికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. చంకలోని రిజిస్టరు తీసి, నిలబడి, గట్టిగా చదివాడు. “సబ్బు నురగ, నలభై ఒక్క చోట్ల. నిరుడు నలభై నాలుగు. ముందేడు నలభై ఏడు. నేను ఎప్పటికప్పుడు తీసేస్తూనే ఉన్నానండీ. పైన బట్టలుతుకుతారు, అదొక్కటే ఇబ్బంది.”

ఉతికేది ఎవరో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. అక్క తమ్ముడి వంకే చూస్తోంది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆవిడ ఏదో లెక్క సరిచూసుకుంటున్న దానిలా చూసింది, అంతే.

వారంలో బండలు పెకలించేశారు. గునపం పట్టినవాళ్లలో ఇతనూ ఉన్నాడు. అక్క ఊరి ఆ చివర, బస్టాండు వెనక ఉన్న పెద్ద లాండ్రీలో పనికి కుదిరింది. వెళ్లే రోజు ఇతని భార్య ఏడ్చింది. ఇతను మాత్రం, “నీళ్ల విషయం, నేనేం చెయ్యను?” అన్నాడు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. మూడో రోజు పొద్దున్న తొట్టి దగ్గరికి వెళ్తే, అవే కొమ్మలు, అదే నురగ.

బకెట్టు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. అయ్యా, ఆ పొద్దున్న బకెట్టు అక్కడే పడేసి, కొండ దిగి, లాండ్రీకి వెళ్లి, “అక్కా, నీది కాదు,” అని ఉంటే అరగంట నడక. ఆ అరగంట నడవడానికి అతనికి పదకొండేళ్లు పట్టింది. కాళ్లు లేక కాదు. మీటింగులో అంత గట్టిగా చదివినవాడు మళ్లీ నిలబడి కాదని ఏ మొహంతో చెబుతాడు? నేలలో ఇంకిన పాత సబ్బు పైకొస్తోందని తనకు తాను చెప్పుకున్నాడు. ఒక ఏడు చెప్పుకున్నాడు, రెండో ఏడు చెప్పుకున్నాడు. మూడో ఏడు ఆ మాట తన నోటికే చేదుగా తగిలింది.

కానీ గీకడం ఆపలేదు. అంతకుముందు ఎనిమిది గంటలకు తీరిగ్గా గీకేవాడు, ఇప్పుడు తెల్లవారీ వారకముందే గీకేవాడు. ఎవరైనా పైకొచ్చి చూస్తే, ‘మీ అక్క లేదుగా, ఈ నురగ ఎక్కడిది?’ అని అడుగుతారు కదా! అలా ఆ నురగ అక్క తప్పు లేదనడానికి సాక్ష్యం అయింది. ఏటేటా తన చేత్తో ఆ సాక్ష్యాన్ని గీకి, మందు చల్లి, పూడ్చిపెట్టాడు. అక్క వెళ్లాక వచ్చిన మొదటి వానల్లోనే, రిజిస్టరు ముందు కూర్చుంటే ‘సబ్బు’ అన్న మాట దగ్గర చెయ్యి కదల్లేదు. రాయకుండా ఉండలేడు, చేసిన ప్రతి పనీ రాసే మనిషి. కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని, చివరికి రాశాడు: ఇతరములు, ముప్పై ఎనిమిది చోట్ల.

ఒకే ఊళ్లో ఉంటూ అక్కాతమ్ముళ్లు పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. బస్టాండులో ఎదురుపడితే ఇతను టైము చూసుకునేవాడు. వాచీ పెట్టుకోని రోజు కూడా మణికట్టు వంకే చూసేవాడు. ఒకసారి ఇతనికి జ్వరం వస్తే, ఎవరో గుమ్మంలో ఇస్త్రీ చేసిన రెండు దుప్పట్లు పెట్టి వెళ్లారు. ఎవరని భార్య చెప్పలేదు, ఇతను అడగలేదు. ‘ఇతరములు’ మాత్రం ఏడాదికేడాది తగ్గుతూ వచ్చాయి. ముప్పై ఒకటి, ఇరవై రెండు, పదిహేను, తొమ్మిది. తగ్గుతుంటే ఇతను సంతోషించాడు. మొత్తానికి కడిగి కడిగి వదిలించానని అనుకున్నాడు.

ఈ ఏడు వానలకు నాలుగు రోజుల ముందు, భుజాన సంచీ, కాళ్లకు రబ్బరు బూట్లతో ఒకమ్మాయి పైకొచ్చింది. ఏదో కాలేజీ నుంచి వచ్చిందట, కప్పల మీద చదువుతోందట. “కప్పల మీద చదవడానికేముందమ్మా? బెకబెక తప్ప,” అన్నాడు తళతళ. అప్పటికే ఊరు ఆ పిల్లకు కప్పలమ్మ అని పేరు పెట్టేసింది. ఆ అమ్మాయి నవ్వి, చెట్టు కప్ప ఒకటి ఈ కొండ మీద ఉందనీ, ఎవరో ఎప్పుడో ఒక్కదాన్ని పట్టి మందు సీసాలో దాచారనీ, ఆ తర్వాత చూసినవాళ్లు లేరనీ చెప్పింది. “మీరేమైనా చూశారా బాబాయ్? నీళ్ల మీది కొమ్మలకు తెల్లగా నురగలా గూళ్లు పెడుతుంది.”

అతను నీళ్లు నమిలాడు. “ఏమోనమ్మా. అలాంటివేం లేవు,” అన్నాడు.

వానలు పడ్డ నాలుగో రోజు పొద్దున్నే ఆ అమ్మాయి అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పని చేసి, తొట్టి గట్టు మీద నిలబెట్టింది. ఆవేళ అతను గీకడానికి ఇంకా వెళ్లలేదు, కప్పలమ్మ ముందే లేచింది. కొమ్మ మీద నురగ ముద్ద. పక్కన ఆకు మీద ఇంకో ఆకు. ఆ రెండో ఆకుకు కళ్లున్నాయి. బొటనవేలంత కప్ప, వేళ్ల చివర బొత్తాల్లాంటి గుండ్రటి మెత్తలు. కాలు చాపినప్పుడు తొడ దగ్గర పసుపు మెరిసి, ముడవగానే మళ్లీ ఆకైపోయింది. ఇన్నేళ్లుగా టక్ టక్ అంటున్న పురుగు అదే. వెనక కాళ్లతో గిలక్కొట్టి నురగ చేస్తుందని, లోపల గుడ్లు పెడుతుందని, పైపొర ఎండినా లోపల తడి ఆరదని, పదిరోజులకు వాన పడి నురగ కరిగితే పిల్లలు టపటపా కింది నీళ్లలోకి రాలతాయని ఆ అమ్మాయి గుసగుసగా చెప్పుకుపోతోంది. “ప్రపంచం మొత్తం మీద ఇక్కడే ఉంది బాబాయ్. ఈ తొట్టి నుంచి ఆ మలుపు దాకా. నడిస్తే పావుగంట. ఇంకెక్కడా లేదు.”

“ఒక్కోదాంట్లో ఎన్ని గుడ్లుంటాయమ్మా?”

“నూట ఏభై దాకా.”

లెక్కల మనిషి కదా, మనసులో అరవై రెంటిని నూట ఏభైతో హెచ్చవేశాడు. ఆ తర్వాతి ఏడు లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. గట్టు మీద చతికిలబడ్డాడు. “కళ్లు తిరిగాయా బాబాయ్?” అంటే, అవునన్నాడు.

ఆ ఏడు కనబడ్డవి మూడు గూళ్లు. అంతకు మించి లేవు.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి వాల్వు గదిలో అతని పాత రిజిస్టర్లు చూస్తానంది. వానలు, నీటి మట్టం లెక్కలు కావాలట. ఇవ్వనంటే బాగుండదని ఇచ్చాడు. ఇరవై నాలుగు రిజిస్టర్లు, అట్టలు వేసి, దుమ్ము తుడిచి, వరసగా ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆమె మొహం వెలిగిపోయింది. “బాబాయ్! ఇవి గూళ్ల లెక్కలు! ఇరవై నాలుగేళ్లవి! ఇలాంటి లెక్క ఎవరి దగ్గరా లేదు తెలుసా? నా పుస్తకంలో మీ పేరు వేస్తాను.” పొగడ్త కూడా ఇంత నొప్పెడుతుందని అతనికి అప్పుడే తెలిసింది. గీకింది తనేనని, సబ్బనుకుని గీకానని చెప్పేశాడు. ఆ అమ్మాయి చేతిలో పెన్సిలు తిప్పుతూ కూర్చుంది. తిట్టలేదు. తర్వాత రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి అడిగింది.

“పదమూడో ఏడు దాకా సబ్బు నురగ అని రాశారు. పద్నాలుగు నుంచి ఇతరములు అని ఉంది. మాట ఎందుకు మార్చారు?”

“పెన్ను మారిందమ్మా,” అన్నాడు. అని, తనే తల దించుకున్నాడు.

ఆ పిల్లకు అక్క సంగతి తెలియదు, తెలియనక్కర్లేదు. ఆ ప్రశ్నకు సమాధానం వినవలసిన మనిషి బస్టాండు వెనక ఉంది. మర్నాడు మధ్యాహ్నం చొక్కా మార్చుకుంటుంటే భార్య, “ఎక్కడికి?” అంది. “అక్క దగ్గరికి,” అన్నాడు. ఆవిడ గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది.

లాండ్రీ అంతా ఆవిరి. పొడుగాటి బల్ల దగ్గర అక్క ఇస్త్రీ చేస్తోంది. జుట్టు బాగా నెరిసింది, వీపు కొంచెం వంగింది. ఇతన్ని చూసి పెట్టె ఆపలేదు, “రా,” అంది, నిన్న సాయంత్రం కలిసి వెళ్లినవాడితో అన్నట్టు. ఇతను దారంతా వల్లెవేసుకున్న మాటలు ఎటో పోయాయి. “అక్కా, ఆ నురగ కప్పదట,” అన్నాడు.

“ఏంటీ?”

“చెట్టు కప్ప. గుడ్లు పెట్టడానికి కాళ్లతో నురగ చేస్తుందట. కొమ్మలకు పెడుతుందట. సబ్బు కాదట.”

అక్క పెట్టె పక్కన నిలబెట్టి, ఇతని మొహంలోకి చూసి, ఒక్కసారిగా నవ్వింది. “కప్పా! అంటే నాకు పోటీగా అదీ చాకిరేవు పెట్టిందన్నమాట!” అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. ఇతనికీ నవ్వొచ్చింది. గండం గడిచిందనుకున్నాడు.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నవ్వు పోయింది, తుడుచుకోవడం ఆగలేదు.

“నాదేననుకున్నానురా,” అంది.

“అదేంటక్కా? నువ్వేగా, నా సబ్బు చెట్టెక్కుతుందా అన్నావు?”

“మొదట అన్నాను. మీటింగులో నువ్వు నిలబడి అలా చదివాక, వీడు శుభ్రం విషయంలో అబద్ధమాడడు, నా కళ్లకే ఆనలేదేమో అనుకున్నా. నిన్ను పెంచింది నేను, నాకు తెలియదా? ఆ పిల్లని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లా. ఇంతంత చెయ్యి, దానికి సూది గుచ్చి సీసా తగిలించారు. ఇంత పని చేసింది నా సబ్బా అనుకున్నా.” బల్ల మీది మూట వైపు చూపించింది. “ఇవెవరివో తెలుసా? టైలరమ్మ వాళ్లవి. పదకొండేళ్లుగా వారం వారం తెచ్చుకుని ఉతికి ఇస్తున్నా. నాలుగుసార్లు జాడిస్తా, సబ్బు వాసన కూడా ఉండకూడదని.”

ఆమె చేతివేళ్లు నీళ్లలో నాని నాని చివర్లు పగిలి ఉన్నాయి. ఇతను అటు చూడలేకపోయాడు.

“ఎప్పుడు తెలిసింది నీకు?” అంది అక్క.

మొన్ననే అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు, కప్ప సంగతి తెలిసింది మొన్ననే. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. “కప్పదని మొన్న తెలిసింది,” అన్నాడు. ఆగాడు. “నీది కాదని, నువ్వు వెళ్లిన మరుసటి వానకే తెలిసింది. మళ్లీ వచ్చిందక్కా. అదే కొమ్మలకి.”

అక్క వంగి ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకింది. వైరును జాగ్రత్తగా చుట్టింది.

“పది వానలు,” అంది.

“పదకొండు.”

“లెక్క మాత్రం తప్పవు.”

“నామోషీ అక్కా. ఎలా చెప్పాలో తెలియలేదు. ఏ రోజుకారోజు రేపు చెబుదామనుకున్నా.”

“ఎన్ని మిగిలాయి ఆ కప్పలు?”

“మూడు గూళ్లు.”

“అవి నా పక్కన కాపురం పెట్టిన పాపానికి పోయాయి,” అంది. ఇతను కాదనబోతే చెయ్యెత్తి ఆపింది. “నాకు చెప్పావు, సరే. కానీ నేను రేపు బట్టలు తేవడానికి వెళ్లకపోతే ఎందుకు రాలేదంటారు. వెళ్తే, ఎందుకెళ్తున్నానో నాకే తెలియదు. నువ్వు పట్టుకెళ్లు ఈ మూట. ఆవిడ చేతికిచ్చి, ఆ మీటింగులో చెప్పినంత గట్టిగా చెప్పు.”

టైలరమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. ముందు గదిలో మిషను, గోడకు కత్తిరించిన ముక్కలు, దండెం మీద పెద్ద పిల్ల బడి బట్టలు. మూట చూసి మిషను ఆపి, “అక్కగారు రాలేదా?” అంది. ఇతను గుమ్మం దాటలేదు. బయట నిలబడే చెప్పాడు. ఆ నురగ కప్పదని, మా అక్క సబ్బు మీ నీళ్లలో ఎప్పుడూ పడలేదని, మీ పాప జబ్బుకీ మా అక్కకీ సంబంధం లేదని, అది తనకు పదకొండేళ్లుగా తెలుసునని, తెలిసీ చెప్పలేదని. గట్టిగానే చెప్పాడు. ఎదురింటావిడ కిటికీ తెరిచి చూసింది.

టైలరమ్మ మూట అందుకోలేదు. వేళ్లకున్న దారప్పోగులు ఒక్కొక్కటే తీసుకుంటూ కూర్చుంది.

“మాకు తెలుసండీ,” అంది చివరికి.

“కప్ప సంగతా?”

“కప్ప సంగతి కాదు. ఆసుపత్రిలో డాక్టరు గారు అప్పుడే చెప్పారు, నీళ్ల వల్ల కాదు, పాప ఏదో నిలవున్నది తిన్నదని. మీ అక్కగారు ఏడ్చుకుంటూ వచ్చి బట్టలు ఇమ్మంది. వద్దన్నాను, వినలేదు. పై వారం చెబుదామనుకున్నా. అప్పుడు పిల్లతో, మిషనుతో నాకూ ఊపిరాడేది కాదు. ఒక్క వారం సాయం అయితే అయిందిలే అనుకున్నా. తర్వాత…” ఆవిడ తలెత్తలేదు. “తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు.”

తళతళకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచాడు. ఏమని తిట్టాలి? ఆవిడ అన్న ప్రతి ముక్కా అరగంట క్రితం తను అక్కతో అన్నదే. మూటను గుమ్మం మీద పెట్టి వీధిలోకొచ్చాడు.

మలుపు దగ్గర కొండ మీదికి వెళ్లే బస్సు ఆగి ఉంది. కండక్టరు ఇతన్ని గుర్తుపట్టి రమ్మని చెయ్యి ఊపాడు. అక్క ఇంకా లాండ్రీలోనే ఉంటుంది. ఈ మాట కూడా చెబితే ఆమెకు మిగిలేదేమీ లేదు, పదకొండేళ్లు నాలుగేసిసార్లు జాడించిన నీళ్లు తప్ప. తమ్ముడు మోసం చేశాడు సరే, ఆ ఇల్లు అయినా తన వల్ల బాగుపడిందని ఈ రాత్రికి అనుకుని పడుకుంటుందేమో. రేపు చెబితే ఏం పోతుందని అనిపించింది. అనిపించగానే అతనికి భయం వేసింది. బస్సు కదిలి వెళ్లిపోయింది. అతను గొడుగు మడిచి, లాండ్రీ వైపు వెనక్కి నడిచాడు.